వార్‌బాండ్ దండులో ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదులుకోవాలి

వార్‌బాండ్ అనే యుద్ధం ఆటలో నేను పద్దెనిమిదో లెవెల్ దాకా పెంచుకున్న యిమీరా ఒకరోజు దండు వదిలి వెళ్లిపోయింది. మేం ఓడిపోలేదు, జీతం బాకీ లేదు, తిండికి లోటు లేదు. కారణం ఒక్కటే, మా దండులోనే ఉన్న లెజలిట్. సైనికులను అతను కాఠిన్యంతో దారికి తెచ్చే తీరు ఆమెకు గిట్టదు. యుద్ధం అయ్యాక ఒకసారి వచ్చి ఆ మాట చెప్పింది కూడా. నేనేమో ఆ డైలాగులు చదవకుండా క్లిక్ కొట్టుకుంటూ పోయాను. ఆమెకు నేర్పించిన సర్జరీ, అంటే దెబ్బతిన్న సైనికులను చావకుండా కాపాడే విద్య, ఆమెతోపాటే వెళ్లిపోయింది. తర్వాతి ముట్టడిలో శవాల లెక్క చూశాక గానీ నాకు నొప్పి తెలియలేదు.

మౌంట్ అండ్ బ్లేడ్: వార్‌బాండ్ గురించే చెబుతున్నాను. అంకారాలోని టేల్‌వరల్డ్స్ 2010లో విడుదల చేసిన ఆట. పాత లాప్‌టాప్ మీద కూడా బండి నడుస్తుంది కాబట్టి ఇప్పటికీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తగులుతూనే ఉంటారు. వాళ్లందరూ అడిగేది ఒకే ప్రశ్న: ఏ కంపానియన్ (దండులో చేరే, సొంత పేరూ కథా ఉన్న పాత్ర) బెస్ట్? ఏ సైన్యం బెస్ట్? నన్నడిగితే మొదటి ప్రశ్నే తప్పు. కంపానియన్‌ను విడిగా ఒక్కడిగా ఎంచుకోకూడదు, జట్టుగా ఎంచుకోవాలి. సైనికుడి సంగతి వేరు, వాడిని చేయబోయే పనిని బట్టి ఎంచుకోవాలి.

పదహారు మంది, రెండు తగాదా వలయాలు

ఆటలోని ఊహాలోకం కాల్రాడియా. దాని సత్రాల్లో తిరిగే కంపానియన్లు మొత్తం పదహారు మంది. వీళ్లు యుద్ధంలో చావరు, స్పృహ తప్పి పడిపోతారంతే. లెవెల్ పెరిగినప్పుడు పాయింట్లు ఎక్కడ పెట్టాలో మనమే తేల్చవచ్చు, కత్తి, కవచం, గుర్రం మనమే ఇవ్వవచ్చు. ఇన్ని సౌకర్యాలకు బదులుగా ఆట ఒక మెలిక పెట్టింది. ఒక్కొక్కరికి నచ్చే మనిషి ఒకరు, గిట్టనివాళ్లు ఇద్దరు. గిట్టనివాళ్ల పక్కన నిలబడి యుద్ధం చేసిన ప్రతిసారీ మనసులో ఒక అలక చేరుతుంది. అది ముదిరితే మూటాముల్లె సర్దుకుంటారు.

ఎవరికి ఎవరితో పడదో ఒకసారి కాగితం మీద గీస్తే చక్కటి బొమ్మ వచ్చింది. తగాదాలన్నీ రెండు వలయాలుగా తిరుగుతున్నాయి. పెద్ద వలయంలో పది మంది. బోర్చాకు దేశావితో పడదు, దేశావికి రోల్ఫ్‌తో, రోల్ఫ్‌కు బుండుక్‌తో, బుండుక్‌కు లెజలిట్‌తో, లెజలిట్‌కు యిమీరాతో, యిమీరాకు మథెల్డ్‌తో, మథెల్డ్‌కు జెరెమస్‌తో, జెరెమస్‌కు ఆర్టిమెనర్‌తో, ఆర్టిమెనర్‌కు క్లేతితో. క్లేతికి మళ్లీ మొదటికొచ్చి బోర్చాతో పడదు. చిన్న వలయంలో ఆరుగురు: మార్నిడ్, బహెష్తూర్, కట్రిన్, ఫిరెంటిస్, నిజార్, అలాయెన్. ఇదే వరుసలో పక్కపక్కవాళ్లకు పడదు, చివర్లో అలాయెన్‌కు మళ్లీ మార్నిడ్‌తో పేచీ.

వలయమని తెలిశాక లెక్క సులువు. ఒకరిని విడిచి ఒకరిని తీసుకుంటే ఎవరికీ ఎవరితోనూ గొడవ ఉండదు. పెద్ద వలయం నుంచి అయిదుగురు, చిన్నదాని నుంచి ముగ్గురు, వెరసి ఎనిమిది మంది. అంతకు మించి తీసుకున్నారంటే ఒకే ఒరలో రెండు కత్తులు దూర్చినట్టే. ఇలా ఎనిమిది మంది జట్లు నాలుగు రకాలుగా కుదురుతాయి. వాటిలో రెండింటిలో మాత్రం ఒకరికొకరు నచ్చే జతలు మూడేసి ఉన్నాయి. కాబట్టి అసలు ఎంపిక ఈ రెండు జట్ల మధ్యే.

వైద్యుడి జట్టా, ఇంజనీరు జట్టా

మొదటి జట్టు: జెరెమస్, యిమీరా, దేశావి, క్లేతి, బుండుక్, ఫిరెంటిస్, అలాయెన్, బహెష్తూర్. నచ్చే జతలు జెరెమస్–ఫిరెంటిస్, యిమీరా–అలాయెన్, దేశావి–క్లేతి.

రెండో జట్టు: లెజలిట్, ఆర్టిమెనర్, బోర్చా, మార్నిడ్, మథెల్డ్, నిజార్, రోల్ఫ్, కట్రిన్. ఇక్కడ జతలు లెజలిట్–ఆర్టిమెనర్, బోర్చా–మార్నిడ్, మథెల్డ్–నిజార్.

మొదటి జట్టు గొప్పతనమంతా జెరెమస్‌లో ఉంది. ఆటలో దొరికే వైద్యుల్లో అతనికి సాటి లేడు, పైగా చేరడానికి పైసా అడగడు. ఫిరెంటిస్, యిమీరా కూడా ఊరికే వస్తారు. కొత్తగా మొదలుపెట్టి చేతిలో నాలుగు దీనార్లు కూడా లేనివాళ్లకు ఇది చిన్న విషయం కాదు. దారి కనిపెట్టే పనికి దేశావి, క్లేతి ఇద్దరూ ఉన్నారు కాబట్టి ఒకరికి పాత్‌ఫైండింగ్ (దండు వేగం పెంచేది), ఇంకొకరికి స్పాటింగ్ (దూరంగా ఉన్నవాళ్లను పసిగట్టేది) పంచవచ్చు. లోటల్లా ఇంజనీరు లేకపోవడం. యిమీరా మొదటి లెవెల్‌లోనే వస్తుంది కాబట్టి తడి మట్టిలాంటిది, ఎలా మలిస్తే అలా అవుతుంది. తెలివి పాయింట్లు ఆమెలో పోసి ఇంజనీరింగ్ నేర్పించండి. కోటల ముట్టడి దశకు మీరు చేరేసరికి ఆమె సిద్ధంగా ఉంటుంది.

రెండో జట్టులో ఇంజనీరు చదువుకుని మరీ వస్తాడు. ఆర్టిమెనర్ ఉంటే నిచ్చెనలు, ముట్టడి గోపురాలు తొందరగా తయారవుతాయి. ముట్టడి గోపురం కట్టేదాకా గోడ కింద రోజుల తరబడి కాచుకుని కూర్చోవడం ఎంత చిరాకో, మధ్యలో శత్రు రాజ్యం లార్డులు వెనక నుంచి వచ్చి పడితే ఎంత ప్రమాదమో అనుభవించినవాళ్లకు తెలుసు. లెజలిట్ శిక్షకుడు. ట్రైనర్ స్కిల్ ఉన్నవాళ్లు తమకంటే తక్కువ లెవెల్ సైనికులకు రోజూ అనుభవం పంచుతారు. సర్జరీలో ఎంతమంది వైద్యులున్నా ఎక్కువ ఉన్న ఒక్కరి లెక్కే చెల్లుతుంది, ట్రైనర్ అలా కాదు, ఎవరిది వాళ్లకే చేరుతుంది. ఈ జట్టులో లేనిది వైద్యుడు. మార్నిడ్‌కో కట్రిన్‌కో మొదటి నుంచీ సర్జరీ నేర్పించాలి. పైగా వీళ్లలో చాలామంది చేరడానికే డబ్బు అడుగుతారు. లెజలిట్ నాలుగు వందలు అడుగుతాడు.

ఏది ఎంచుకోవాలి? మొదటి ఆట అయితే కళ్లు మూసుకుని మొదటి జట్టు. లెక్క చెబుతాను. ప్రాణం పోయే దెబ్బ తగిలిన సైనికుడు చావకుండా గాయంతో బయటపడే అవకాశం మామూలుగా 25 శాతం. సర్జరీ ఒక్కో పాయింటుకు 4 శాతం పెరుగుతుంది. జెరెమస్‌ను పదికి చేర్చారనుకోండి, అది 65 అవుతుంది. అంటే వంద మంది మంచాన పడితే అరవై అయిదు మంది లేచి వస్తారు. వాళ్లు మొదటి లెవెల్ రైతు కుర్రాళ్లు కారు, నెలల తరబడి మీరు పెంచిన గుర్రపు యోధులు. ఇంజనీరు మీకు రోజులు మిగిలిస్తే, వైద్యుడు మనుషులను మిగులుస్తాడు. మొదట్లో మనకు రోజులకు కరువు లేదు, మనుషులకే కరువు.

రెండోసారి ఆడేవాళ్లు, తొందరగా కోటలు పట్టి సొంత రాజ్యం పెట్టాలనుకునేవాళ్లు రెండో జట్టు వైపు వెళ్లొచ్చు. ఇంకోటి, తర్వాత కంపానియన్లను సామంతులుగా చేసి భూమి ఇవ్వాలనుకుంటే పుట్టుక కూడా అడ్డొస్తుంది. అలాయెన్, ఫిరెంటిస్, లెజలిట్ లాంటి కులీనులకు ఇస్తే మిగతా లార్డులు సర్దుకుంటారు, మార్నిడ్ లాంటి వ్యాపారికి ఇస్తే మూతి ముడుచుకుంటారు. రోల్ఫ్ తనది రోల్ఫ్ వంశమని చెప్పుకునే తీరు చూస్తే మాత్రం నాకు నవ్వాగదు.

జట్టు సరిగ్గా కుదిరినా కొందరికి మీ పద్ధతి నచ్చకపోవచ్చు. ఊళ్లు దోచుకుంటూ బతకాలనుకుంటే యిమీరా మీతో నిలవదు. యుద్ధం మధ్యలో పారిపోయే అలవాటు ఉంటే మథెల్డ్ సహించదు. మీ ఆట తీరు ముందే తెలిస్తే దాన్ని కూడా లెక్కలో వేసుకోండి.

పాయింట్లు ఎవరిలో పోయాలి

చాలామంది చేసే పొరపాటు ప్రతి కంపానియన్‌కూ అన్నీ కొంచెం కొంచెం నేర్పడం. ఎనిమిది మంది ఎనిమిది రకాలుగా సగం సగం తెలిసినవాళ్లయితే ఎందుకూ పనికిరారు. ఒకరికి ఒక వృత్తి. వైద్యం మూడు స్కిల్స్‌నూ జెరెమస్‌కే అప్పగించండి. దారి, గాలింపు దేశావికి, క్లేతికి. వ్యాపారం మీకు ముఖ్యమైతే ఒకరికి, లేదంటే అసలు వద్దు. మిగతావాళ్లు యోధులు: అలాయెన్, ఫిరెంటిస్, బహెష్తూర్‌లను గుర్రమెక్కించి బలం, ఐరన్‌ఫ్లెష్ (దెబ్బలు తట్టుకునే స్కిల్) వైపు తీసుకెళ్లండి. బుండుక్ క్రాస్‌బోతోనే బాగుంటాడు.

ఏ స్కిల్ అయినా దాని మూల గుణంలో మూడో వంతును దాటదు. సర్జరీ పది కావాలంటే తెలివి ముప్ఫై ఉండాలి. అందుకే జెరెమస్‌కు లెవెల్ పెరిగినప్పుడల్లా తెలివి, తెలివి, ఇంకా తెలివి. తెలివి పాయింటుకు అదనంగా ఒక స్కిల్ పాయింటు కూడా వస్తుంది కాబట్టి నష్టమేమీ లేదు.

మీ సొంత పాత్ర సంగతి. దండు మొత్తానికి వర్తించే స్కిల్‌లో నాయకుడికి కూడా కొంత తెలిసి ఉంటే బోనస్ కలుస్తుంది. మీ దగ్గర 2 నుంచి 4 పాయింట్లు ఉంటే ఒకటి, 5 నుంచి 7 ఉంటే రెండు, 8 లేదా 9 ఉంటే మూడు, 10 ఉంటే నాలుగు. అంటే సర్జరీలో మీరు రెండే రెండు పాయింట్లు పెట్టినా జెరెమస్ స్కిల్ ఒక మెట్టు ఎక్కుతుంది. రెండు పాయింట్లకు ఇంత లాభం ఇంకెక్కడా రాదు. ఆ తర్వాతి మెట్టుకు ఇంకో మూడు పెట్టాలి. నేనైతే అంత దూరం వెళ్లను, లీడర్‌షిప్‌లో పెడతాను. దండు పరిమితి లెక్క ఇలా ఉంటుంది: మామూలుగా 30, లీడర్‌షిప్ పాయింటుకు 5, కరిజ్మా పాయింటుకు 1, ప్రఖ్యాతి 25కు ఒకటి చొప్పున. లీడర్‌షిప్ పెరిగే కొద్దీ జీతాల బిల్లు కూడా పాయింటుకు 5 శాతం తగ్గుతుంది.

ఇంకో మాట. దండు జాబితాలో పైన ఉన్నవాళ్లు ముందు యుద్ధంలోకి దిగుతారు. వైద్యుడు స్పృహ తప్పి పడిపోతే అతని సర్జరీ లెక్కలోకి రాదు. జెరెమస్‌ను జాబితా చివరికి తోసేయండి. పాపం, అతనూ కత్తి పట్టుకుని పరిగెత్తాలని చూస్తాడు, కానీ అతను స్పృహలో ఉండటం మీకు ఎక్కువ అవసరం.

సైనికుల్లో ఎవరు ఏ పనికి

ఊళ్లో రంగరూట్‌ను పది దీనార్లకు తెచ్చుకుంటాం. ఏ ఊళ్లో తెచ్చుకున్నామన్నదే అన్నిటినీ నిర్ణయిస్తుంది. స్వాదియా, సరానిడ్, రోడాక్, నార్డ్, వేగిర్, ఖెర్గిట్ అనే ఆరు రాజ్యాల్లో ఎవరు అందరికంటే గొప్పవాళ్లు అని వాదించుకోవడం అనవసరం. మైదానంలో ఢీకొట్టే పని ఒకటి, గోడ ఎక్కే పని ఇంకొకటి, గోడ కాపాడే పని వేరొకటి.

మైదానానికి స్వాదియా గుర్రపు యోధులు. రంగరూట్, మిలిషియా, ఫుట్‌మన్, మాన్ ఎట్ ఆర్మ్స్ దాటి నైట్ అవుతాడు. చదునైన నేల మీద ముప్ఫై మంది నైట్లు ఒక్కసారి తగిలితే ఎదుటి దండు ఎంతదైనా చెల్లాచెదురే. కొత్తవాళ్లకు ఇంత సులువైన సైన్యం ఇంకోటి లేదు, మూడు నొక్కి, ఎఫ్1 నొక్కి, ఎఫ్3 నొక్కితే చాలు, మిగతాది వాళ్లు చూసుకుంటారు. సరానిడ్ మామ్లూక్ కూడా ఇదే స్థాయివాడు, మీరు దక్షిణాది ఎడారి వైపు మొదలుపెడితే అంత దూరం స్వాదియాకు పరిగెత్తాల్సిన పనిలేదు. గుర్రం మీద ఉన్నవాళ్లతో దండు వేగమూ పెరుగుతుంది. జీతం మాత్రం ఎక్కువ. కొండల్లో, రోడాక్ పొడవాటి బల్లేల ముందు వీళ్ల పరువు పోతుంది. నేను ఒకసారి రోడాక్‌ల పట్టణం వెలూకా దగ్గర కొండ మీదికి నైట్లను తోలి సగం మందిని పోగొట్టుకున్నాను. తప్పు వాళ్లది కాదు.

గోడ ఎక్కడానికి నార్డ్ హస్కార్ల్‌లు అనే కాలిబంట్లు. ఇక్కడ నాకు అనుమానమే లేదు. చాలా కోటల్లో పైకి పోవడానికి ఒకటే ఇరుకు నిచ్చెన. ఆ నిచ్చెన చివర ఎవరు నిలబడి తట్టుకుంటారన్నదే యుద్ధం. పెద్ద డాలు, మంచి కవచం, చేతికి గొడ్డలి, విసరడానికి ఇంకో గొడ్డలి. నైట్లు గుర్రం దిగి కూడా పరవాలేదనిపిస్తారు గానీ, నిచ్చెన మీద హస్కార్ల్ అంతటివాళ్లు కారు. చిక్కల్లా వాళ్లను తయారు చేయడంలో ఉంది. రంగరూట్ నుంచి హస్కార్ల్ దాకా మెట్లు ఎక్కువ. లెజలిట్ ఉన్న జట్టుకు ఇక్కడే లాభం. ముట్టడికి ముందు హస్కార్ల్‌లను జాబితాలో పైకి లాగడం మరిచిపోకండి. మరిచిపోతే విలుకాళ్లు ముందు నిచ్చెన ఎక్కుతారు, ఆ దృశ్యం చూడలేరు.

గోడ కాపాడటానికి రోడాక్ షార్ప్‌షూటర్లు అనే క్రాస్‌బో విలుకాళ్లు. క్రాస్‌బో మళ్లీ సిద్ధం చేయడానికి టైం పడుతుంది, కానీ గోడ వెనక వాళ్లకు తొందరేముంది? గోడ ఎక్కి వచ్చినవాడిని దగ్గర యుద్ధంలోనూ తట్టుకుంటారు. వేగంగా బాణాలు కురిపించాలంటే వేగిర్ మార్క్స్‌మన్‌లు మంచివాళ్లు, ముట్టడి సమయంలో కింద నుంచి గోడ మీదివాళ్లను ఏరేయడానికి నేను వాళ్లనే వాడతాను. దగ్గరికొస్తే మాత్రం షార్ప్‌షూటర్ అంత నిలబడరు. ఖెర్గిట్ గుర్రపు విలుకాళ్లు చూడటానికి అందంగా ఉంటారు. గోడల దగ్గర గుర్రాలు పనిచేయవు కాబట్టి కోటలు పట్టే దశలో వాళ్లు భారమే.

అన్నీ ఒకే దండులో కలుపుకోవచ్చా? కలుపుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: మీరు స్వాదియాతో యుద్ధంలో ఉంటే దండులోని స్వాదియా సైనికుల ఉత్సాహం పడిపోతుంది. కాబట్టి ఏ రాజ్యంతో ఎక్కువగా కొట్లాడబోతున్నారో ఆ రాజ్యం మనుషులను ప్రధాన బలంగా పెట్టుకోకండి. తిండిలో రకాలు పెంచితే ఉత్సాహం పెరుగుతుంది. రొట్టె ఒక్కటే తినిపించి యోధులు చిరునవ్వుతో ఉండాలంటే ఎలా?

నా పద్ధతి అడిగితే చెబుతాను. సొంత కోట దొరికేదాకా నైట్లు, మార్క్స్‌మన్‌లు రెండే రకాలు. కోట వచ్చాక షార్ప్‌షూటర్లను, హస్కార్ల్‌లను తెచ్చి అందులో పెడతాను. కోటలో ఉంచినవాళ్లకు సగం జీతమే పడుతుంది. ముట్టడికి వెళ్లేటప్పుడు నైట్లలో సగాన్ని కోటలో దించి హస్కార్ల్‌లను ఎక్కించుకుంటాను. ఎనభై మంది దండులో ఒకే పనికి యాభై మంది ఉంటే గెలుస్తాం, అన్ని పనులకూ పదేసి మంది ఉంటే నలిగిపోతాం.

నైట్లను ఊరి రంగరూట్ నుంచే పెంచాలని కూడా లేదు. శత్రు లార్డును ఓడించినప్పుడు వాడి దగ్గర బందీలుగా ఉన్న సైనికులు మీతో చేరతారు. ఎవరి సైన్యాలను వాడు ఓడించాడో వాళ్లే ఆ బందీలు, పెరిగినవాళ్లు కూడా దొరుకుతారు. యుద్ధాలు జోరుగా నడుస్తున్న సరిహద్దులో రెండు వారాలు తిరిగితే నాలుగు నెలల శిక్షణ మిగులుతుంది.

దీని తర్వాతి ఆట బానర్‌లార్డ్‌కు వెళ్లినవాళ్లకు ఈ వలయాల లెక్క పనిచేయదు. 2020 మార్చిలో ఎర్లీ యాక్సెస్‌గా (పూర్తికాకముందే ఆడనిచ్చే రూపంలో), 2022 అక్టోబర్‌లో పూర్తిగా వచ్చిన ఆ ఆటలో కంపానియన్లు కొత్త ఆట మొదలైనప్పుడల్లా కొత్త మనుషులుగా పుడతారు, వాళ్ల మధ్య ఇలా పేరుపేరునా తగాదాలు ఉండవు. బదులుగా స్కౌట్, క్వార్టర్‌మాస్టర్, సర్జన్, ఇంజనీర్ అనే నాలుగు పదవులు ఉంటాయి. ఒక్కొక్కదానికి ఒకరిని వెతుక్కుని, మిగతావాళ్లకు వ్యాపార బిడారో, సొంత దండో అప్పగించవచ్చు. అక్కడ కంపానియన్లు చనిపోగలరు కూడా. ఆ ఆటలో సౌకర్యం ఎక్కువ, మనుషులు తక్కువ. బోర్చా, రోల్ఫ్ లాంటివాళ్లు మనసులో నిలిచిపోయినట్టు అక్కడ ఎవరూ నిలవలేదు నాకు.

ఇప్పటికే తప్పు జట్టు కట్టేసినవాళ్లు ఏం చేయాలి? ఆట మళ్లీ మొదలుపెట్టకండి. దండు ఉత్సాహం ఎక్కువగా ఉన్నంతకాలం అలకలు బయటకి రావు, వరుసగా గెలుస్తుంటే పదహారు మందినీ లాక్కొచ్చేవాళ్లు కూడా ఉన్నారు. ఓటమి ఒకటి తగిలిందా, ఆ రోజే అందరూ ఒకేసారి గుర్తు చేస్తారు. కాబట్టి బాగా నడుస్తున్నప్పుడే వలయం చూసుకుని గిట్టని జతల్లో ఒకరిని పంపేయండి. సొంత రాజ్యం ఆలోచన ఉంటే వాళ్లను రాజుగా మీ హక్కును ప్రచారం చేసే పని మీద బయటికి పంపవచ్చు, కొన్నాళ్లు కంటికి కనబడరు, ఇటు దండులోనూ గొడవ ఉండదు. వెళ్లిపోయినవాళ్లు కూడా శాశ్వతంగా పోరు, ఏదో ఊరి సత్రంలో మళ్లీ తగులుతారు.

యిమీరా నాకు యాలెన్ సత్రంలో కనిపించింది. పలకరిస్తే మళ్లీ వస్తానంది, మళ్లీ పైసా అడగలేదు. సర్జరీ ఎంత ఉందో అంతే ఉంది. బయటికి రాగానే మొదట చేసిన పని లెజలిట్‌కు వీడ్కోలు చెప్పడం.